గద్దర్‌కి దండ వేసే ముందు

గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1922 ఆగస్టు 23న ఇదే ఊరి పోలీస్ స్టేషన్ మీద ఆయన మనుషులు పడి తుపాకులు పట్టుకుపోయారు. ముందురోజు చింతపల్లి, మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే నెలలో ఆయన్ని కాల్చి చంపిన సర్కారుకి ఆయన పితూరీదారు. ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఒక జిల్లాకే ఆయన పేరు ఉంది. 2022 జూలై 4న ప్రధానమంత్రి భీమవరం వచ్చి ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆ చావుకీ ఈ విగ్రహానికీ మధ్య గడిచిన ఏళ్లలో రాజు కథను ఊళ్లలో తిప్పిన వాళ్లలో బుర్రకథ దళాలది పెద్ద వంతు. నాజర్ వంటి కథకులు తంబుర భుజాన వేసుకుని చెప్పకపోతే ఆ పేరు ఇంతమంది నాలుకల మీద నిలిచేది కాదు.

ఒకనాటి పితూరీదారు విగ్రహంగా మారిన ఈ నేల మీద నిలబడి, విప్లవ గాయకుడు గద్దర్ గురించి ఆలోచిస్తున్నాను. 2024 జనవరి 31న, ఆయన జయంతి నాడు, తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇస్తామని ప్రకటించారు. 2025 జూన్‌లో ఇచ్చారు కూడా. అటు ఆయనకు పద్మ పురస్కారం ఎలా ఇస్తారని కేంద్ర మంత్రి ఒకరు బాహాటంగా అడిగారు. ఒకరికి ప్రజా యుద్ధనౌక, ఒకరికి నెత్తుటి పాటగాడు, మరొకరికి చివర్లో దారి తప్పిన కామ్రేడ్. ఎవరి మాట వాళ్లు గట్టిగానే చెబుతున్నారు.

అల్లూరి పోలికతో ఈ తగవు తీర్చేద్దామంటే కుదరదు. అల్లూరి ఎదిరించింది పరాయి పాలనను, మద్రాసు అటవీ చట్టాలను, గూడేల చేత కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించిన అధికారులను. గద్దర్ పాడింది ఓట్లతో ఏర్పడ్డ ప్రభుత్వాల మీద. ఓటు ఉన్న చోట తుపాకీని కీర్తించడానికి కావలసిన సమాధానం వేరు, బరువు వేరు. కాబట్టి ఆయన కళనూ, ఆయన నిలబడ్డ రాజకీయాన్నీ, ఆయన జీవితంలోని మలుపులనూ విడివిడిగా చూడాలి. మూడింటినీ కలిపి ఒకే తీర్పు ఇవ్వబోయిన ప్రతివాళ్లూ ఏదో ఒకదానికి అన్యాయం చేశారు.

జీవితం క్లుప్తంగా చెప్పుకుందాం. అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టారు. తండ్రి శేషయ్య, తల్లి లచ్చుమమ్మ. హైదరాబాదులో చదువుకుంటూ బుర్రకథలు చెబుతున్న కుర్రవాణ్ణి బి. నర్సింగరావు చూసి తన ఆర్ట్ లవర్స్ బృందానికి దగ్గర చేశారు. 1971లో రిక్షా తొక్కేవాడి మీద కట్టిన పాటతో పేరు మొదలైంది. పంజాబీ విప్లవకారుల గదర్ పార్టీ నుంచి తీసుకున్న పేరు ఆయన మీద నిలిచిపోయింది. నక్సలైట్ ఉద్యమపు సాంస్కృతిక సంఘం జననాట్యమండలి 1972లో పుట్టింది. కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేసిన ఉద్యోగాన్ని 1984లో వదిలేశారు. 1985 జూలైలో కారంచేడులో దళితుల మీద దాడి జరిగింది. ఆ ఊచకోత మీద ఆయన పాట ఊరూరా తిరిగింది. అదే ఏడు అజ్ఞాతంలోకి వెళ్లి, 1990 ఫిబ్రవరిలో చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలించాక బయటికి వచ్చారు. నిజాం కాలేజీ మైదానంలో ఆయన్ని చూడడానికి జనం విరగబడి వచ్చారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలో దుండగులు ఇంటికొచ్చి ఆయన్ని కాల్చారు. ఒక తూటా చివరిదాకా ఆయన వెన్నులోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు.

ఇక కళ. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే గద్దర్ మీద జరిగే వాదాల్లో అందరూ తొందరగా దాటేసేది దీన్నే.

కళాకారుడి ఒళ్లే పనిముట్టు అయ్యే కళని ప్రపంచం ఇవాళ పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటోంది. గ్యాలరీలు, విమర్శకులు, పెద్ద నగరాలు ఉన్న చోట దానికి ఆ పేరు వచ్చింది. గద్దర్ ఆ పని కూడళ్లలో, చింతచెట్ల కింద, వరి కోసిన మళ్లలో చేశారు. చొక్కా లేని ఛాతీ, మోకాళ్ల పైకి కట్టిన పంచె, భుజాన గొర్రెల కాపరి గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర. తెర లేదు, అలంకరణ లేదు. పక్కన డప్పు, డోలక్, వంతపాడే ఇద్దరు ముగ్గురు. ఆ కర్ర ఒక చరణంలో నాగలి అవుతుంది, ఇంకో చరణంలో తుపాకీ. గొంగడి ఉయ్యాల అయి, మరుక్షణం శవం మీద కప్పిన గుడ్డ అవుతుంది. పాట మధ్యలో ఆపి మాట్లాడతారు, మాట మధ్యలో రాగం తీస్తారు, జనంలో ఒక ముసలమ్మను పలకరించి ఆమె సమాధానాన్నే పల్లవికి అందిస్తారు.

ఈ పనితనం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒగ్గు కథ, శారద కథ, బుర్రకథ, ఆడవాళ్లు నాట్లు వేస్తూ పాడుకునే పాటలు, లాలిపాటలు, బతుకమ్మ నడక, అన్నీ అందులో ఉన్నాయి. బాణీ ఊరిదే, మాట కొత్తది. బాణీ ముందే తెలిసినది కాబట్టి ఒకసారి విన్న కూలీ మర్నాడు పొలంలో పాడుకోగలిగేది. తన ఊరి దొర పేరు అందులో పెట్టుకునేది. ఇలా ఎవరైనా చరణం చేర్చుకోడానికి వీలుగా పాటను వదలడం గద్దర్ చేసిన అన్ని పనుల్లోకీ పెద్దదని నా నమ్మకం. కవిత్వం చదువుకున్నవాళ్ల సొత్తుగా ఉన్న సమాజంలో, చదువురాని మనిషికి కర్తృత్వం ఇచ్చిన పని అది.

ఈ పద్ధతికి మా ఉత్తరాంధ్రలో లోతైన వేళ్లున్నాయి. బొడ్డపాడు గుడిలో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకు పట్టుకుని శ్రీకాకుళం గిరిజనుల కథ చెప్పాడు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు మన యాసలో, మన తూగులో వందల పాటలు కట్టి, గద్దర్‌తో కలిసి జననాట్యమండలికి ఊపిరి పోశాడు. 2020 ఆగస్టు 4న కన్నుమూశాడు. గద్దర్ ఒక్కడే వీరుడన్నట్టు రాసే చరిత్ర ఈ ఇద్దరినీ పక్కకు నెడుతుంది. ఆయన గొప్పతనం చెప్పాలంటే ఆయన నిలబడ్డ ఈ వరసను కూడా చెప్పాలి.

ఇప్పుడు ఎదుటి వాదాలు విందాం. వాటిలో కొట్టిపారేయదగ్గవి తక్కువ.

మొదటిది సాహిత్య విమర్శ. నక్సలైట్ పార్టీ కోసం పాడిన కళ పార్టీ గీసిన గీత లోపలే తిరుగుతుందంటారు. దొర ఎప్పుడూ దుర్మార్గుడే, పోలీసు ఎప్పుడూ శత్రువే, చనిపోయిన అన్న ఎప్పుడూ మచ్చలేని వీరుడే. అమరుల పాటలు పదుల కొద్దీ వింటే పేరు మారుతుంది గానీ మనిషి మారడు. సందేహం, భయం, పశ్చాత్తాపం వంటి మనిషి భావాలు ఆ పాటల్లో చోటు దొరక్క బయటే నిలబడతాయి. ఈ విమర్శలో నిజం ఉంది. సంస్థ క్రమశిక్షణలో పనిచేసే కళాకారుడు తన లోపలి తగవును వేదిక మీద పెట్టలేడు.

కానీ అదే మనిషి తల్లి లచ్చుమమ్మ పేరు మీద పాట కట్టాడు. ఒరేయ్ రిక్షా సినిమాకు రాసిన అన్నాచెల్లెళ్ల పాట పార్టీ పేరు కూడా తెలియని ఇళ్లలో రాఖీ పండగనాడు వినిపిస్తుంది. ఆ పాటకు 1995లో వచ్చిన నంది అవార్డును ఆయన తీసుకోలేదు. ఆయన పాటల్లో ఎక్కువ కాలం నిలిచేవి ఇవే కావచ్చు. అంటే గీత లోపలే ఉన్నా గీత దాటే శక్తి ఆ గొంతుకు ఉంది. సంస్థ ఆయనకు ఊళ్లనూ శ్రోతలనూ ఇచ్చింది, కొన్ని పాటల్ని ఇరుకు కూడా చేసింది. రెండూ నిజమే.

రెండో వాదం ఇంతకంటే బరువైనది. పాట విని అడవికి వెళ్లిన పిల్లల సంగతేమిటి? గద్దర్ వేదిక తుపాకీని గౌరవించింది. ఆ గౌరవం చూసి ఇల్లు వదిలిన కుర్రాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఇటువైపు కానిస్టేబుళ్లుగా చేరి చనిపోయినవాళ్లూ కూలి బతుకుల ఇళ్ల పిల్లలే. 2023లో ఆయన అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరిగినప్పుడు పోలీసుల తరఫు నుంచి అభ్యంతరం వచ్చింది. ఆ అభ్యంతరం వెనక ఉన్న దుఃఖాన్ని తేలిగ్గా తీసేయడం మర్యాద కాదు.

మన్యం అంచున బతికే మనకి ఈ వాదం పుస్తకాల్లోది కాదు. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఆపి కాల్చేశారు. ఇద్దరూ గిరిజనులే. ఇన్‌ఫార్మర్ అనే ఒక్క ముద్రతో చంపేసిన గిరిజనులు ఏజెన్సీలో ఇంకా ఎందరో ఉన్నారు. వాళ్ల మీద ఎవరూ పాట కట్టలేదు. జనం పక్షాన పాడే గొంతు ఆ చావుల దగ్గర మూగబోయిందన్న నింద గద్దర్ ఒక్కరి మీదే కాదు, ఆ ఉద్యమ సాంస్కృతిక సంఘాలన్నిటి మీదా ఉంది. దానికి నాకు సంతృప్తికరమైన జవాబు ఎక్కడా దొరకలేదు.

అయితే అటుపక్క చూడకుండా ఆ నింద పూర్తి కాదు. పాట వల్ల పిల్లలు అడవికి వెళ్లారనే మాట సగమే. పాట రాకముందే వెట్టి ఉంది, భూమి పోయింది, పోలీసు లాఠీ తగిలింది. కారంచేడు పాట వల్ల జరగలేదు. జరిగినందువల్ల పాట పుట్టింది. మన ఏజెన్సీలోనే, జి. మాడుగుల మండలం వాకపల్లిలో, 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు స్త్రీలు చెప్పారు. పదహారేళ్ల తరవాత, 2023 ఏప్రిల్‌లో, ప్రత్యేక కోర్టు నిందితుల్ని విడిచిపెడుతూ దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. న్యాయం అడిగే తలుపులు ఇంత ఆలస్యంగా, ఇంత కొంచెంగా తెరుచుకుంటే, తుపాకీ దారి తప్పు అని చెప్పే హక్కు రాజ్యానికి ఎంత మిగిలింది? హింసను వ్యతిరేకించేవాళ్లు ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతకాలి.

ఇంకో సంగతి కూడా లెక్కలో చేర్చాలి. తుపాకీని కీర్తించిన గద్దరే మాటలు కలపడానికీ ముందుకొచ్చారు. 2004 అక్టోబరులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాదులో చర్చలు జరిగినప్పుడు వరవరరావు, కళ్యాణరావులతో పాటు ఆయనా దూతగా నడిచారు. చర్చలు నిలవలేదు. ఒంట్లో తూటా పెట్టుకుని శాంతి బల్ల దగ్గరికి వెళ్లిన మనిషిని కేవలం హింసా ప్రచారకుడు అనడానికి నా మనసు ఒప్పుకోదు.

మూడో వాదం ఆయన పాత స్నేహితుల దగ్గర్నుంచి వచ్చింది. ఓట్లు బహిష్కరించమని దశాబ్దాల పాటు పాడిన మనిషి 2018 డిసెంబరులో తొలిసారి ఓటు వేశాడు. కొమురవెల్లి, యాదగిరిగుట్ట గుళ్లకు వెళ్లాడు. ఖమ్మం సభలో రాహుల్ గాంధీని ముద్దు పెట్టుకున్నాడు. చనిపోయే ఏడాదిలో గద్దర్ ప్రజా పార్టీ అంటూ కొత్త పార్టీ ప్రకటించాడు. ఆయన పాత మాటలు నమ్మి ప్రాణాలిచ్చినవాళ్ల కుటుంబాలకు ఇది ఎలా ఉంటుంది? ఆయన మారినట్టు మారే అవకాశం చనిపోయినవాళ్లకు లేదు కదా. ఈ ప్రశ్నలోని నొప్పి న్యాయమైనది.

దీనికి ఎదురుగా నిలిచే మాట కూడా చిన్నది కాదు. మారకపోవడమే నిజాయితీ అనుకుంటే మనుషులకు నేర్చుకునే హక్కు ఉండదు. కులం గురించి, అంబేడ్కర్ గురించి ఉద్యమం లోపల ఆలస్యంగా మొదలైన ఆలోచన ఆయన్ని లోతుగా కదిలించింది. అల్వాల్‌లో మహాబోధి పేరుతో బడి నడిపారు. బౌద్ధ పద్ధతిలో ఆ బడి ఆవరణలోనే ఆయన్ని ఖననం చేశారు. తెలంగాణ ఉద్యమంలో వర్గం గీతలు దాటి అందరితో కలిసి పాడారు. జై బోలో తెలంగాణ సినిమాలో ఆయన పాట ఆ ఉద్యమానికి పొద్దుపొడుపు పాట అయింది. గుళ్లకు వెళ్లడాన్నీ, జనం నమ్మకాల దగ్గరికి వెళ్లడంగా చదవొచ్చు. ఇక రాజకీయ నాయకుల పక్కన నిలబడటం నాకు నచ్చలేదు. అది ఆయన గొంతుకు ఉన్న స్వేచ్ఛను కొంత తగ్గించింది. అయినా అది ద్రోహం అనను. ముసలితనంలో తన మాట వినే జనానికి ఇంకో దారి వెతికిన మనిషి పొరపాటు అంటాను.

ఇలాంటి తగవు మన ఒక్కరిదే కాదు. నైజీరియాలో ఫేలా కూటీ అనే సంగీతకారుడు ఉండేవాడు. లాగోస్‌లో తన ఇంటికి కలకూటా రిపబ్లిక్ అని పేరు పెట్టుకుని, ఒంటి మీద బట్ట సరిగ్గా లేకుండా వేదికెక్కి, గంటల తరబడి ఆడి పాడి సైనిక పాలకులను ఏకేశాడు. 1976లో వచ్చిన ఆయన జోంబీ పాట సైనికులను రెచ్చగొట్టింది. 1977 ఫిబ్రవరిలో వాళ్లు ఇల్లు తగలబెట్టారు. ఆయన తల్లి ఫున్మిలాయో, స్వయంగా పెద్ద ఉద్యమకారిణి, కిటికీలోంచి విసిరివేయబడి మరుసటి ఏడు చనిపోయింది. 1979లో అధ్యక్ష పదవికి పోటీ చేయబోతే ఒప్పుకోలేదు. ఆయన 1997లో, గద్దర్ మీద తూటాలు పేలిన ఏడే, కన్నుమూశాడు. 2012లో అదే లాగోస్ రాష్ట్ర ప్రభుత్వం ఆయన ఇంటిని మ్యూజియం చేయడానికి డబ్బిచ్చింది.

ఇద్దరి మధ్య తేడా కూడా తెలుసుకోదగ్గది. ఫేలాకు పార్టీ లేదు, ఆయనే సంస్థ. అందువల్ల ఆయన పాటలో ఆయనకు తోచిందల్లా ఉంది, ఆడవాళ్ల గురించి ఆయనకున్న పాత భావాలతో సహా. ఒకే రోజున ఇరవై ఏడుమందిని పెళ్లాడిన మనిషిని ఇవాళ్టి నైజీరియా స్త్రీవాదులు నిలదీస్తున్నారు, అదే నోటితో ఆయన పాటలు పాడుతున్నారు. సంస్థ లేని స్వేచ్ఛకు దాని లోపం, సంస్థ ఇచ్చిన బలానికి దాని లోపం. అక్కడివాళ్లు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని బతకడం నేర్చుకుంటున్నారు. మనకూ ఆ పెద్దమనసు కావాలి.

ఇంతకీ నా మాట ఇది. కళ విషయంలో నాకు సందేహం లేదు. తెలుగులో ఒంటినే భాషగా మార్చి, పాటను ఎవరైనా పట్టుకుని పొడిగించుకునేలా చేసినవాళ్లలో గద్దర్ మొదటి వరసలో ఉంటారు. ఆ కళను తక్కువ చేసి చూపించడానికి ఆయన రాజకీయాన్ని సాకుగా వాడకూడదు. రాజకీయం విషయంలో ఆయన్ని పూర్తిగా విడిచిపెట్టలేను. తుపాకీని పవిత్రం చేసిన ప్రతి పాట, దాని కింద నలిగిన గిరిజనుడికి జవాబు చెప్పవలసి ఉంది. మలుపుల విషయంలో ఆయనకు సంశయ లాభం ఇస్తాను, ఎందుకంటే మలుపుల్లో ఆయన సంపాదించుకున్నదేమీ నాకు కనబడదు.

అవార్డుల సంగతి కూడా దీన్నిబట్టే తేలాలి. సినిమా అవార్డుకు గద్దర్ పేరు పెట్టడంలో మంచి ఉంది. ఆ పేరు ఏటా ఇళ్లలో వినబడుతుంది. ప్రమాదమూ ఉంది. ప్రభుత్వ అవార్డును కాదన్న మనిషిని అదే అవార్డు పేరుగా మార్చితే, ఆయన అడిగిన ప్రశ్నలు మెల్లగా మాసిపోతాయి. గౌరవం నిజమైనదో కాదో తేల్చేది, ఇవాళ బతికున్న పాటగాళ్లతో ప్రభుత్వాలు ఎలా మెలుగుతున్నాయన్నది. 2020 సెప్టెంబరులో పుణె కబీర్ కళామంచ్ గాయకులను ఎల్గార్ పరిషద్ కేసులో అరెస్టు చేసి ఏళ్లపాటు విచారణ ఖైదీలుగా ఉంచారు. చనిపోయిన పాటగాడికి దండ, బతికున్న పాటగాడికి బేడీ అయితే ఆ దండకు విలువ లేదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయదగ్గ పనులు ఉన్నాయి. జననాట్యమండలి పాటలు, క్యాసెట్లు, ప్రదర్శనల రికార్డులు చెదిరిపోకముందే సేకరించి ఎవరైనా వినేలా ఉంచాలి. మా వైపు జముకుల కథ, తప్పెటగుళ్లు తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. వాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకునే ఏర్పాటు బడుల్లో చేయాలి. పాణిగ్రాహినీ, వంగపండునూ గద్దర్ పక్కన నిలబెట్టి చెప్పాలి. ఆ పాఠంలో వాకపల్లి స్త్రీల మాటా ఉండాలి, లివిటిపుట్టు దారిలో చచ్చిపోయిన ఇద్దరు గిరిజన నాయకుల మాటా ఉండాలి. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచితే పిల్లలు ఏదో ఒకనాడు ఆ దాచిందే కనిపెట్టి, చెప్పినదాన్నీ నమ్మడం మానేస్తారు. గద్దర్ పాట ఆ పరీక్షకు నిలబడేంత గట్టిది. నిలబడదని భయపడేవాళ్లే ఆయన్ని నిజానికి తక్కువ అంచనా వేస్తున్నారు.